కర్ర విసిరేసే మా వాడు ఇప్పుడు తనే అడుగుతున్నాడు

మా వాడికి ఐదేళ్లు, పుట్టుకతోనే చూపు లేదు. తెల్లకర్ర చేతికిస్తే చాలు, విసిరేసేవాడు. బతిమాలాం, చాక్లెట్ ఆశ చూపాం, కోప్పడ్డాం; ఏదీ పనిచేయలేదు.

ముందు కర్ర మార్చాం. పాతది పెద్దవాళ్లది కోసిచ్చింది, బరువు. కొత్తది తేలిక, నిలబెడితే వాడి గడ్డం దాకా వస్తుంది. తర్వాత వారం రోజులు నడక మాటే ఎత్తలేదు. సాయంత్రం వాకిట్లో కర్రతో వస్తువుల్ని తడుతూ "ఇదేం చప్పుడురా?" ఆట, అంతే. ఇనుప గేటు ఖంగుమంది, తులసికోట టక్కుమంది, పీచు డోర్‌మ్యాట్ మీద చప్పుడే లేదు. ఖాళీ బిందె దగ్గర పది నిమిషాలు కదల్లేదు (మా అత్తగారికి తలనొప్పి). ఆ పైన నేనూ కళ్లు మూసుకుని ఇంకో కర్రతో వాడి వెనకే నడిచాను. "అమ్మా, గడపుంది, చూసుకో" అన్నాడు. మర్నాడు కిరాణా కొట్టుకి బయల్దేరుతుంటే కర్ర తనే అడిగి తీసుకున్నాడు.

ఎవరైనా "అయ్యో పాపం" అంటే ఇప్పటికీ కర్ర వెనక్కి దాచేస్తాడు. మా వాడికి చప్పుళ్లంటే సరదా కాబట్టి కుదిరిందేమో. శబ్దాలకు బెదిరే పిల్లలకి ఇది ఎదురు తిరగొచ్చు. కర్ర ఊపే పద్ధతి మాత్రం మొబిలిటీ టీచర్ (చూపు లేనివాళ్లకి సొంతంగా నడవడం నేర్పేవారు) దగ్గరే నేర్పించాం.