ఎండాకాలంలో సీపీయూ డబ్బా కాలిపోతోందా? కొత్త ప్రాసెసర్ కూలర్ కొనేముందు ఇవి చూసుకోండి

మాది విజయవాడలో పై అంతస్తు. మే నెలలో రాత్రి పదింటికి కూడా స్లాబ్ నుంచి వేడి దిగుతూనే ఉంటుంది. రెండేళ్ల క్రితం ఆ గదిలోనే వీడియో ఎడిటింగ్ చేస్తుంటే మధ్యలో కంప్యూటర్ టప్పున ఆగిపోయేది. ప్రాసెసర్ పోయిందేమోనని చాలా టెన్షన్ పడ్డాను. తీరా విప్పి చూస్తే దానికేమీ కాలేదు, గాలి వెళ్లే దారే లేదు. క్యాబినెట్ ముందు వైపంతా అద్దం, వెనకాల ఒకే ఒక్క ఫ్యాన్, అది కూడా వేడిని బయటికి తోయకుండా లోపలికే ఊదేలా తిరగేసి బిగించి ఉంది.

ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి. మామూలు ఫ్యాన్లతో లోపలి భాగాలు గది కంటే చల్లబడవు. గదిలో 40 డిగ్రీలుంటే లోపల అంతకంటే తగ్గదు, ఎంత ఖరీదైన ఫ్యాన్ పెట్టినా సరే. మన చేతిలో ఉన్నది లోపల పుట్టిన వేడి అక్కడే సుడులు తిరగకుండా వెంటనే బయటికి పంపేయడం.

ముందు కొలవండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, మీరు రోజూ చేసే బరువైన పని ఒక అరగంట నడిపించి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఎంతదాకా వెళ్తున్నాయో రాసుకోండి. చాలా ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి, అందుకే ఆట గానీ ఎడిటింగ్ గానీ ఉన్నట్టుండి నత్తనడక నడుస్తుంది. ఇప్పుడు పక్క ప్యానెల్ తీసేసి అదే పని మళ్లీ అరగంట చేయండి. ఏడెనిమిది డిగ్రీలు తగ్గిందంటే తప్పు క్యాబినెట్‌ది. పెద్దగా తేడా లేకపోతే ప్రాసెసర్ వేడిని లాగే లోహపు రేకుల దిమ్మ, అంటే హీట్‌సింక్‌లో దుమ్మో, దానికీ ప్రాసెసర్‌కీ మధ్య పూసిన థర్మల్ పేస్ట్ ఎండిపోవడమో, సరిగ్గా కూర్చోని కూలరో కారణం. ఈ ఒక్క పరీక్ష చేయకుండానే చాలామంది వేలు పోసి కొత్త కూలర్ కొనేస్తారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

తప్పు క్యాబినెట్‌దే అని తేలితే, అది ఎక్కడుందో చూడండి. మన ఇళ్లలో కంప్యూటర్ టేబుల్ కింద చెక్క గూడు ఉంటుంది, దానికి తలుపు కూడా ఉంటుంది, సీపీయూని అందులో పెట్టి పైన గుడ్డ కవర్ కప్పుతాం. వాడేటప్పుడు కవర్ తీసేసినా గూడులో వేడి గాలి ఎటూ పోలేక మళ్లీ లోపలికే వస్తుంది. బయటికి తెచ్చి, వెనక గోడకి కనీసం జానెడు దూరం వదలండి. ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే డబ్బా) కింది వైపు ఉండే మోడల్ అయితే తివాచీ మీద అస్సలు పెట్టొద్దు, దాని ఫ్యాన్ సాధారణంగా కిందినుంచే గాలి పీలుస్తుంది.

తర్వాత ఫ్యాన్లు. చల్లగాలి ముందు నుంచి, అదీ కింది భాగం నుంచి రావాలి, వేడి గాలి వెనక నుంచీ పైనుంచీ పోవాలి. ఫ్యాన్ ఎటు ఊదుతోందో తెలియకపోతే చూడటం తేలిక: రెక్కలకి అడ్డంగా ప్లాస్టిక్ పుల్లలు ఉన్న వైపు నుంచే గాలి బయటికొస్తుంది. అనుమానంగా ఉంటే వెలిగించిన అగరబత్తిని కొంచెం దూరంగా పట్టుకోండి, పొగ ఎటు పోతోందో కనిపిస్తుంది. ముందు రెండు, వెనక ఒకటి, 120 మిల్లీమీటర్లవి, మామూలు వాడకానికి చాలు. ముందు నుంచి వచ్చే గాలి ఎక్కువగా ఉండి ఆ దారిలో ఫిల్టర్ ఉంటే, సందుల్లోంచి దూరే దుమ్ము కూడా తగ్గుతుంది. కొనేముందు మీ మదర్‌బోర్డులో ఫ్యాన్ కనెక్టర్లు ఎన్ని ఖాళీగా ఉన్నాయో లెక్కపెట్టుకోండి.

ముందు భాగం మొత్తం మూసేసిన క్యాబినెట్ అయితే ఎన్ని ఫ్యాన్లు పెట్టినా అవి గోడకి ముక్కు ఆనించి ఊపిరి పీల్చినట్టే. ఆ ముందు ప్యానెల్ చాలావాటిలో క్లిప్పుల మీదే ఉంటుంది, ఊడదీసి దాని స్థానంలో కిటికీలకి వాడే దోమల మెష్ కత్తిరించి అంటించండి. అందం కొంచెం తగ్గుతుంది, మా ఇంట్లోనూ అన్నారు, కానీ నాకు అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది ఇదే.

దుమ్ము దులిపేటప్పుడు ప్లగ్ తీసేసి, బాల్కనీలోకి తెచ్చుకుని, మెత్తటి బ్రష్షూ బ్లోయరూ వాడండి. ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకునే ఊదాలి. ఎస్‌ఎంపీఎస్‌ని మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీసేసినా అందులో కరెంటు నిల్వ ఉండి షాక్ కొట్టొచ్చు.

రూపాయి ఖర్చు లేని పని ఇంకోటుంది. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 99 శాతానికి పెడితే సాధారణంగా బూస్ట్ (ప్రాసెసర్ అవసరాన్ని బట్టి తన వేగాన్ని తానే పెంచుకోవడం) ఆగిపోతుంది, వేగం కొంత తగ్గినా వేడి బాగా దిగుతుంది. ఆటలాడేవాళ్లు ఫ్రేమ్ రేటుని (సెకనుకి తెర మీద మారే బొమ్మల లెక్క) 60 దగ్గర ఆపుకుంటే గ్రాఫిక్స్ కార్డుకీ ఊరట.

పక్క ప్యానెల్ తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టడం ఒకటి రెండు రోజులకి పర్లేదు గానీ అలాగే వదిలేయొద్దు. దుమ్ము సంగతి అటుంచి, బల్లి దూరి బోర్డు మీద పడితే షార్ట్ సర్క్యూట్ అయ్యే ప్రమాదం ఉంది. నీళ్ల కూలర్ గాలి నేరుగా తగిలేలా కూడా పెట్టొద్దు, దాంతో తుంపరలు కూడా వస్తాయి. నేనైతే ఏటా ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడే దీన్నీ విప్పి శుభ్రం చేస్తాను, మెష్‌ని నెలకోసారి కుళాయి కింద కడిగి బాగా ఆరాక పెడతాను.