పనికి బదులుగా బస, భోజనం: విదేశానికి బయలుదేరే ముందు జాగ్రత్తలు

పొలంలోనో, అతిథి గృహంలోనో రోజుకు నాలుగైదు గంటలు పనిచేసి, బదులుగా బస, భోజనం పొందే ఏర్పాటుపై విశాఖపట్నం నుంచి విదేశానికి వెళ్లదలచిన యువత మొట్టమొదట చూసుకోవలసింది వీసా నిబంధనలను. జీతం లేకపోయినా, బస కోసం చేసే శ్రమను న్యూజిలాండ్ వంటి దేశాలు ఉద్యోగంగానే పరిగణిస్తాయి. బ్రిటన్ సందర్శక వీసాపైనైతే నమోదైన సేవా సంస్థలో (ఛారిటీలో), అదీ 30 రోజులకు మించకుండా మాత్రమే స్వచ్ఛంద సేవ చేయవచ్చు. “టూరిస్టునని చెప్పండి, చాలు” అని ఆతిథ్యమిచ్చేవారు సలహా ఇస్తే ఆ చోటును వదులుకోవడమే మేలు. విమానాశ్రయంలో నిజం బయటపడితే వెనక్కి పంపేది మిమ్మల్నే.

పని గంటలు, సెలవు రోజులు, వంట బాధ్యత ఎవరిది అన్న విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి. వీడియో కాల్‌లో గది చూపించమనండి. తలుపుకు లోపలి గడియ ఉందో లేదో, ఆ గదిలో ఇంకెందరు పడుకుంటారో మొహమాటపడకుండా అడగండి. ముఖ్యంగా ఆడపిల్లలు ఈ విషయంలో రాజీపడకూడదు.

యూరప్‌లోని పలు దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అయితే పనిలో తగిలిన గాయాలకు అది వర్తిస్తుందా అన్నది పాలసీ చదివి తెలుసుకోవాలి. కెన్యా, ఉగాండా వంటి దేశాలకు వెళ్లేవారు ఎల్లో ఫీవర్ టీకాను ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే విశాఖ పోర్టు ఆరోగ్య సంస్థ వంటి గుర్తింపు పొందిన కేంద్రంలో వేయించుకోవాలి.

తిరుగు ప్రయాణానికి, కొన్నాళ్ల హోటల్ గదికి సరిపడా సొమ్ము విడిగా ఉంచుకోండి. భద్రపరుస్తామన్నా సరే, పాస్‌పోర్టును ఎవరి చేతికీ ఇవ్వకండి.