పోస్టులో విత్తనాల మార్పిడి: పొట్లం మీద రాయవలసినవి

మిద్దెతోటలు పెంచేవారి మధ్య దేశవాళీ విత్తనాలు ఇప్పుడు పోస్టులో కూడా చేతులు మారుతున్నాయి. పంపేవారు కరీంనగర్‌లో ఉంటారు, అందుకునేవారు అనంతపురంలో ఉంటారు, ఒకరి ముఖం ఒకరికి తెలియదు. చీర అయితే కవరు విప్పగానే మంచిచెడ్డలు తెలుస్తాయి కానీ, గింజ సంగతి పాదు పెట్టి, నీళ్లు పోసి, రెండు మూడు నెలలు ఎదురుచూస్తే తప్ప బయటపడదు. అంతవరకు అందుకున్నవారికి ఆధారం పొట్లం మీద రాసిన నాలుగు ముక్కలే.

రకం పేరు, గింజ తీసిన నెల, పండించిన ఊరు తప్పక రాయండి. పేరు తెలియకపోతే ఊహించకుండా "తెల్ల వంగ, ముళ్లున్నది, పేరు తెలియదు" అని రాయడం మేలు. ఉల్లి గింజ ఏడాది దాటితే సరిగా మొలవదు కనుక, నెల రాయకుండా పంపితే అవతలివారికి ఒక పంటకాలం వృథా కావచ్చు. పాత గింజలైతే 10 గింజలను తడిగుడ్డలో చుట్టి, వారం తర్వాత ఎన్ని మొలిచాయో ఆ సంఖ్య రాయండి.

తీగజాతుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. టమాటా సాధారణంగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి రకం అంతగా చెడదు. సొర అలా కాదు. పురుగులు పక్కింటి పాదు నుంచి పుప్పొడి తెచ్చినా ఆ కాయ మామూలుగానే కనిపిస్తుంది, తేడా దాని గింజ మొలిచి కాసినప్పుడే తెలుస్తుంది. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. అంతకుముందే ఆడ, మగ మొగ్గలకు దారం కట్టి ఉంచి, విచ్చుకునే వేళ చేత్తో పుప్పొడి అద్ది, ఆడపువ్వును మళ్లీ కట్టేస్తే ఆ కాయ గింజ రకం నిలబడుతుంది. అలా చేయనప్పుడు "పువ్వు కట్టలేదు" అని పొట్లం మీద రాయడానికి సంకోచించవద్దు.

గింజలు బాగా ఆరాకే కాగితపు పొట్లంలో కట్టండి, తడి ఉంటే బూజు పడుతుంది. సొర, చిక్కుడు వంటి పెద్ద గింజలను రెండు అట్టముక్కల మధ్య పరిచి అంటిస్తే ముద్ర దెబ్బకు పగలవు. స్పీడ్ పోస్టు చేసి, అక్షరాలు, అంకెలు కలిపి 13 ఉండే ట్రాకింగ్ నంబరును ఆ రోజే పంపండి. "అడ్రసు సరిగా లేదు, ఈ లింకు నొక్కండి" అనే సందేశాలు మోసగాళ్లవి, వాటిని తెరవవద్దని కొత్తవారికి చెప్పండి. తొలిసారి కలిసినవారితో రెండు మూడు రకాలకే పరిమితమై, ఇద్దరూ ఒకే రోజు పంపుకుంటే ముందెవరు అనే ఇబ్బంది రాదు. విదేశాల్లోని బంధువులకు మాత్రం అనుమతిపత్రాలు లేకుండా గింజలు పంపకూడదు.

అందుకున్నవారి బాధ్యత పొట్లం ముట్టిందని చెప్పడంతో తీరదు, కాపు వచ్చాక ఫలితం కూడా తెలియజేయాలి. నాకు వచ్చిన ఒక సొర గింజ ఏపుగా పాకి, నున్నటి కాయ కాసింది. కూరకు తరిగేముందు పచ్చిముక్క నాలుకకు తాకించగానే చేదు తగిలింది. చేదు సొర ఒంటికి హానికరం, వండినా ఆ గుణం పోదు కాబట్టి కాయనూ పాదునూ తీసేశాను. నిష్ఠూరంగా కాకుండా ఉన్నది ఉన్నట్టు పంపినవారికి రాశాను. ఆమె అదే కాయ గింజలు తీసుకున్న మిగతా నలుగురికీ ఆ సాయంత్రమే ఫోను చేసి, నాటవద్దని చెప్పింది.