టులేరీ కౌంటీకి వస్తున్నారా? ముందు నీళ్ళ సంగతి వినండి

ఇల్లు, కారు, లైసెన్సు, సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు ఖాతా లాంటివన్నీ మీరు చూసుకోగలరు. వాటి గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. కాలిఫోర్నియాలో ఈ మూలకు వస్తున్నవాళ్ళకి నేను చెప్పేది తాగే నీళ్ళ గురించి. జె-1 వెయివర్ (శిక్షణ వీసా మీద వచ్చిన డాక్టర్లు స్వదేశానికి తిరిగి వెళ్ళకుండా ఇక్కడే పనిచేయడానికిచ్చే మినహాయింపు) మీద మూడేళ్ళ ఉద్యోగానికి మన డాక్టర్లు వస్తున్నారు, కుటుంబాలు వస్తున్నాయి, పిల్లల్ని చూసుకోవడానికి అమ్మలూ అత్తలూ వస్తున్నారు. వైసేలియా ఊళ్ళో కంటే అద్దె తక్కువని పోర్టర్‌విల్ చుట్టుపక్కల, తోటల మధ్య ఇళ్ళు తీసుకుంటున్నారు. పెద్ద పెరడు, నారింజ చెట్లు చూడగానే నచ్చేస్తాయి. వంటింటి కుళాయిలోకి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో మాత్రం ఒక్కరూ అడగరు.

ఈ మధ్య అలాంటి ఒక ఇంటికి భోజనానికి వెళ్ళాను. నాలుగు నెలల పాప. అమ్మాయి వాళ్ళమ్మగారు గుంటూరు నుంచి వచ్చి పాపను కంటికి రెప్పలా చూసుకుంటున్నారు. రోజూ పొద్దున్నే కుళాయి నీళ్ళు పట్టి, బాగా తెర్లకాచి, చల్లార్చి, ఫ్లాస్కులో పోసి, ఆ నీళ్ళతోనే పాలపొడి కలుపుతున్నారు. మన ఇళ్ళల్లో ఏ అమ్మమ్మయినా అదే చేస్తుంది, ఆవిడ తప్పేం లేదు. కానీ అది బోరునీళ్ళ ఇల్లు. పట్టుబట్టి పరీక్ష చేయిస్తే నైట్రేట్ పరిమితికి దాదాపు రెట్టింపు తేలింది. పాప బాగుంది, డాక్టరు చూశారు. ఇది రాయడానికి కూర్చున్నది మాత్రం అందుకే.

కాచితే చచ్చేవి క్రిములు. నైట్రేట్ క్రిమి కాదు, నీళ్ళలో కరిగిన లవణం. చారు మరిగిన కొద్దీ ఉప్పెక్కినట్టే, నీళ్ళు ఆవిరైన కొద్దీ మిగిలినవాటిలో నైట్రేట్ చిక్కబడుతుంది. ఆర్సెనిక్ కూడా అంతే. నల్లగొండ ఫ్లోరైడ్ కథ తెలిసిన మనకి ఇది వేరే చెప్పాలా? కాచితే పోయేదే అయితే అక్కడ అన్ని తరాలు వంకర కాళ్ళతో బాధపడేవి కావు. ఆరు నెలల లోపు పసిపిల్లల ఒంట్లో నైట్రేట్ రక్తాన్ని ఆక్సిజన్ మోయనివ్వదు. పెదాలు, గోళ్ళు నీలంగా మారతాయి. అలా కనిపిస్తే ఇంకేం ఆలోచించకుండా 911కి ఫోన్ చేయండి. తల్లిపాలే తాగే బిడ్డకి ఈ భయం దాదాపు లేదు. పాలపొడి కలిపే నీళ్ళ దగ్గరే ప్రమాదమంతా. నీళ్ళ రిపోర్టు చేతికొచ్చేదాకా పాలపొడిలోకి సీసా నీళ్ళే వాడండి. ఈ ఒక్క మాట వింటే మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

ఇంత పచ్చటి చోట నీళ్ళు ఎందుకు పాడయ్యాయంటే, ఆ పచ్చదనం వల్లే. పాల ఉత్పత్తిలో దేశంలోనే ముందుండే కౌంటీల్లో ఇదొకటి. దశాబ్దాలుగా తోటలకు వేసిన ఎరువు, డెయిరీల పేడ నేలలోకి దిగి భూగర్భజలంలో కలిశాయి. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2012లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఈ ప్రాంతపు భూగర్భజలంలోకి చేరే నైట్రేట్‌లో 96 శాతం సాగుభూముల నుంచి వచ్చిందే. అంతకు ముందు ఏడాది ఐక్యరాజ్య సమితి తరఫున నీటి హక్కు పరిశీలకురాలు ఇక్కడి సెవిల్ అనే చిన్న ఊరికి వచ్చి చూసి వెళ్ళారు. ఆర్సెనిక్ నేలలో సహజంగానే ఉంది. ఆలెన్స్‌వర్త్ లాంటి ఊళ్ళు ఏళ్ళ తరబడి దానితో అవస్థ పడ్డాయి. ఒకప్పుడు పొలాల్లో పురుగుల కోసం నేలలోకి ఎక్కించిన మందుల నుంచి వచ్చిన 1,2,3-టీసీపీ అనే రసాయనం మూడోది. రాష్ట్రం దానికి పరిమితి పెట్టిందే 2017 చివర్లో.

వీటిలో ఏదీ కంటికి కనపడదు, వాసన రాదు, రుచి మారదు. మనవాళ్ళు కంగారు పడేదేమో కుళాయి మీద తెల్లటి పొరకి, రాలే జుట్టుకి. అది నీళ్ళ గట్టిదనం, కాల్షియం. దానివల్ల గీజరు పాడవుతుందేమో గానీ మనిషికేం కాదు. హైదరాబాదు నుంచి సూట్‌కేసులో టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగినవన్నీ కలిపి ఎంతున్నాయో చూపేది) తెచ్చుకుని, గ్లాసులో ముంచి, "180 వచ్చింది, మా మియాపూర్ ఫ్లాట్ కంటే నయం" అని సంతోషపడేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ మీటరు లెక్క పీపీఎంలలో, అంటే పది లక్షల్లో ఎన్ని వంతులని. ఆర్సెనిక్ పరిమితి 10 పీపీబీ, అంటే 0.01 పీపీఎం. ఆ మీటరుకి అది సున్నా కిందే లెక్క. 180 చూపించిన గ్లాసులో ఆర్సెనిక్ పరిమితికి మూడింతలున్నా మీటరు ముల్లు కదలదు. ఆ మీటరు ఆర్‌ఓ పొర పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి ఉంచుకోండి, నీళ్ళు మంచివో కావో తేల్చడానికి వద్దు.

ఇల్లు ఒప్పుకునే ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. నీళ్ళు ఏదైనా వాటర్ సిస్టమ్ నుంచి వస్తున్నాయా, సొంత బోరా? 15 కనెక్షన్లు ఉన్నా, లేదా ఏడాదిలో కనీసం 60 రోజులు 25 మందికి నీళ్ళిస్తున్నా అది ప్రజా నీటి వ్యవస్థ. 1974 నాటి సురక్షిత తాగునీటి చట్టం దానికి వర్తిస్తుంది. పరీక్షలు చేయాలి, ఏటా జులై 1 లోగా వినియోగదారులకు రిపోర్టు ఇవ్వాలి. సొంత బోరుకి ఆ చట్టం లేదు. ఎవరూ వచ్చి పరీక్షించరు, ఎవరూ నోటీసు ఇవ్వరు.

వ్యవస్థ ఉన్న ఇల్లయితే తలుపుకి తగిలించే నోటీసు కాగితాన్ని చదవడం నేర్చుకోండి. ఇంగ్లీషు, స్పానిష్ కలిపి ఉంటుంది. పిజ్జా కూపన్లతో పాటు చెత్తబుట్టలో పడేది చాలా ఇళ్ళల్లో ఆ కాగితమే. నైట్రేట్ గానీ ఇ-కొలై అనే బ్యాక్టీరియా గానీ పరిమితి దాటితే 24 గంటల్లో చెప్పాలి. నైట్రేట్ నోటీసులో "కాచకండి" అని, ఇ-కొలై నోటీసులో "కాచి తాగండి" అని ఉంటుంది. రెండూ ఒకేలా కనిపించే కాగితాలు, సలహా మాత్రం పూర్తిగా తలకిందులు. దేని గురించో చూడకుండా గిన్నె పొయ్యిమీద పెట్టకండి. ఆర్సెనిక్, టీసీపీలకు 30 రోజుల గడువు. "ఇది అత్యవసర పరిస్థితి కాదు" అని రాస్తారు. అది నిజమే, ఎందుకంటే దాని హాని ఏళ్ళ తరబడి తాగితే వచ్చేది. మూడేళ్ళకని వచ్చి పదేళ్ళు ఉండిపోయేవాళ్ళం మనం, కాబట్టి పక్కన పడేయకండి. ఇక "పరీక్ష సమయానికి చేయలేదు" అనే ఉల్లంఘనని ఏడాదిలోగా చెబితే సరిపోతుంది. అందరూ తేలిగ్గా తీసుకునేది దీన్నే, నాకు అనుమానం వచ్చేది కూడా ఇక్కడే. పరీక్షే చేయకపోతే నీళ్ళు బాగున్నాయని ఎలా అంటాం? అద్దెకుంటే నోటీసు ఓనరుకే వెళ్ళవచ్చు. అందిన 10 రోజుల్లో అద్దెదారులకి చెప్పాలని రాష్ట్ర చట్టంలో ఉంది. ఆ మాట మొహమాటం లేకుండా గుర్తు చేయండి.

మేం వచ్చిన కొత్తల్లో బోరున్న ఇంట్లోనే ఉన్నాం. రిపోర్టు ఉందా అని అడిగితే ఓనరు "మా నాన్న జీవితమంతా ఈ నీళ్ళే తాగాడు" అనేవాడు. ఎప్పుడడిగినా అదే జవాబు. చివరికి మా డబ్బుతో మేమే పరీక్ష చేయించాం. ఆర్సెనిక్ పరిమితి దాటింది. ఆ చలికాలమంతా కిరాణా కొట్టు బయటి మిషను దగ్గర ఐదు గాలన్ల క్యాన్లు నింపి, డిక్కీలో పెట్టి, మెట్లెక్కించి మోశాం. ఒక్కో క్యాను 19 కిలోల బరువు. మీకు ఆ అవస్థ వద్దు.

పరీక్షకి రాష్ట్ర గుర్తింపు ఉన్న ల్యాబే కావాలి, అంగట్లో దొరికే రంగు చీటీలు కాదు. సాఫ్ట్‌నర్‌కి (నీళ్ళ గట్టిదనం తగ్గించే పరికరం), ఫిల్టర్‌కి ముందున్న చన్నీళ్ళ కుళాయి నుంచి ల్యాబు ఇచ్చిన సీసాలోనే పట్టండి, మూత లోపల వేలు తగలనీయకండి, అదే రోజు అందజేయండి. నైట్రేట్, బ్యాక్టీరియా ఏటా. ఆర్సెనిక్, యురేనియం, టీసీపీ మొదట్లో ఒకసారి తప్పనిసరిగా. రిపోర్టు వచ్చాక యూనిట్ చూడండి. నైట్రేట్‌ని నైట్రోజన్‌గా లెక్కిస్తే పరిమితి లీటరుకి 10 మిల్లీగ్రాములు, నైట్రేట్‌గానే లెక్కిస్తే 45. మన ఇండియా ప్రమాణంలో ఉన్నది ఆ 45. నైట్రోజన్ లెక్కలో 20 వచ్చిన రిపోర్టు చూసి "45 లోపే కదా" అన్న చదువుకున్నవాళ్ళని నేను చూశాను.

ఫ్రిజ్‌లో పెట్టుకునే జగ్గు ఫిల్టర్లు మామూలుగా నైట్రేట్‌ని, ఆర్సెనిక్‌ని తీయవు. సాఫ్ట్‌నర్ అసలే తీయదు. సింకు కింద బిగించే ఆర్‌ఓ తీస్తుంది. కొనేటప్పుడు ఆర్‌ఓలకి ఇచ్చే ఎన్‌ఎస్‌ఎఫ్ 58 ధ్రువీకరణ ఉందో లేదో, మీ నీళ్ళలో ఉన్నదాని పేరు ఆ జాబితాలో ఉందో లేదో చూడండి. బిగించాక ఆ నీళ్ళనీ ఒకసారి పరీక్షించండి. నైట్రేట్ మరీ ఎక్కువగా ఉంటే ఆర్‌ఓ కూడా కిందికి తేలేదు. వంటకీ అవే నీళ్ళు వాడాలి. పప్పు, అన్నం నీళ్ళన్నీ పీల్చుకుంటాయి, ఏదీ వారబోయం.

ఖర్చని వెనకాడకండి. బోరునీళ్ళని ఉచితంగా పరీక్షించి, నైట్రేట్ పరిమితి దాటితే ఉచితంగా ఇంటికి నీళ్ళ క్యాన్లు ఇచ్చే కార్యక్రమం ఇక్కడి కవీయా, టూలీ భూగర్భజల ప్రాంతాల్లో 2021 నుంచి నడుస్తోంది. వైసేలియాలోని సెల్ఫ్-హెల్ప్ ఎంటర్‌ప్రైజెస్ అనే లాభాపేక్ష లేని సంస్థ వాళ్ళని అడిగితే మీ ఇల్లు దాని పరిధిలోకి వస్తుందో లేదో చెబుతారు.

ఇంత చెప్పాక ఇదీ చెప్పాలి. రాష్ట్ర ఆడిటర్ 2022లో లెక్క తేల్చినప్పుడు ప్రమాణాలు అందుకోలేక విఫలమైన నీటి వ్యవస్థల నీళ్ళ మీద ఆధారపడ్డవాళ్ళు 9 లక్షల 20 వేలకు పైగా. రాష్ట్ర జనాభా దాదాపు 3 కోట్ల 90 లక్షలు. అంటే ఎక్కువమందికి వచ్చే నీళ్ళు ప్రమాణాల లోపలే ఉంటున్నాయి, ఊళ్ళో ఇల్లు తీసుకుంటే మీకూ బహుశా అంతే. నైట్రేట్, ఆర్సెనిక్ ఉన్న నీళ్ళతో స్నానం చేయవచ్చు, బట్టలు ఉతకవచ్చు, గిన్నెలు కడగవచ్చు. ఇన్నాళ్ళూ తెలియక తాగిన పెద్దవాళ్ళు హడలిపోనక్కర్లేదు. కడుపుతో ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరుకి ఒక మాట చెప్పండి. తోట మధ్య ఇల్లు అంతగా నచ్చితే తీసుకోండి, ఎవరు వద్దన్నారు? సంతకం పెట్టే ముందు ల్యాబు రిపోర్టు అడగండి. ఓనరు ఇవ్వనంటే శాంపిల్ మీరే పట్టండి.