తొలకరికి ముందే కారు పెయింటు చూసుకోండి: పొర లేచిన కారుకు వారంటీ జాగ్రత్తలు

మార్చి నుంచి మే దాకా హైదరాబాదు ఎండలో నిలిచిన కారులో పెయింటు లోపం ఏదైనా దాగి ఉంటే, అది వానలు మొదలయ్యే వేళకు బయటపడే అవకాశం ఎక్కువ. కంపెనీ వేసిన పెయింటే పొరలుగా లేస్తున్నట్లు కనిపించినప్పుడు చాలామంది ముందుగా దాన్ని ఎక్కడ బాగు చేయించాలా అని ఆలోచిస్తారు. అంతకంటే ముందు చేయవలసింది, వారంటీ గడువు దాటకముందే ఆ లోపాన్ని తేదీతో సహా రాతపూర్వకంగా నమోదు చేయించడం. బాగు చేయడం కొన్ని వారాలు ఆలస్యమైనా నష్టం పరిమితమే గానీ, ఫిర్యాదు చేసిన తేదీకి ఆధారం లేకపోతే ఆ తర్వాత వాదించడానికి ఏమీ మిగలదు.

ఫ్యాక్టరీలో ఉక్కు బాడీకి మొదట ఫాస్ఫేట్ పూత, ఆపైన తొట్టిలో ముంచి విద్యుత్తుతో అంటించే ఈడీ ప్రైమర్, తర్వాత సాధారణంగా ఉపరితలాన్ని నునుపు చేసే సర్ఫేసర్, రంగునిచ్చే బేస్ కోటు, అన్నిటికంటే పైన పారదర్శకమైన క్లియర్ కోటు వేస్తారు. ఇవన్నీ కలిపినా మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఆరో వంతు లోపే. క్లియర్ కోటు పలుచగా పడినా, పొరల మధ్య పట్టు సరిగా కుదరకపోయినా, ఎండలోని అతినీలలోహిత కిరణాలు లోపలి పొరలను క్రమంగా బలహీనపరుస్తాయి. అమెరికాలో టొయోటా కొన్ని తెల్ల రంగు మోడళ్లకు పెయింటు వారంటీని ప్రత్యేకంగా పొడిగించడానికి కారణం ఇదే: ఎండ వల్ల పైనున్న ప్రైమర్ పొరకూ రేకు మీది ఈడీ పొరకూ మధ్య పట్టు సడలి పెయింటు ఊడిపోవడం. ఆ పొడిగింపు ఇక్కడి కార్లకు వర్తించదు గానీ, కడగడంలో పొరపాటు లేకుండానే కొత్త కారు పెయింటు ఊడవచ్చునని అది తెలియజేస్తుంది.

కారును కడిగి, ఆరిన తర్వాత, ఉదయపు ఏటవాలు వెలుతురులో పరీక్షించండి. ముందు అద్దానికి పైన రూఫ్ అంచు, బానెట్ కొన, డిక్కీ పైభాగం, డోర్ హ్యాండిల్ గుంట, ఈ చోట్లను ప్రత్యేకంగా చూడాలి. క్లియర్ కోటు చెడితే మెరుపు పోయి, పాలిపోయిన మచ్చ చుట్టూ ఉల్లిపొర వంటి పలుచని అంచు లేస్తుంది, కింద రంగు మాత్రం అలాగే ఉంటుంది. రంగు కూడా పెచ్చుగా వచ్చి, కింద బూడిద రంగు ప్రైమర్ గానీ వట్టి రేకు గానీ కనిపిస్తే అది మరింత తీవ్రమైన లోపం. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎగిరిన రాయి చేసిన గాటు మాత్రం చిన్న గుంటలా, ఒక్క బిందువులా ఉంటుంది. పావురాల రెట్ట, చెట్ల జిగురు, జీడిమెట్ల, పటాన్‌చెరు వంటి పారిశ్రామిక ప్రాంతాల గాలిలోని రసాయనాలు, బోరు నీటి ఉప్పు మరకలు, ఇవన్నీ సాధారణంగా వారంటీలో మినహాయింపులే. అందువల్ల కనిపించిన మచ్చ వీటిలో దేనిదీ కాదని మీరే ముందుగా నిర్ధారించుకుంటే సర్వీస్ సెంటర్లో మాట నిలుస్తుంది.

వారంటీ పుస్తకంలోని పెయింటు, తుప్పు నిబంధనలను స్వయంగా చదవండి, ఎందుకంటే కొన్ని కంపెనీలు ఈ రెండింటికీ వేర్వేరు గడువులు ఇస్తాయి. డెలివరీ తేదీ కూడా ముఖ్యమే. ఉదాహరణకు మారుతి సుజుకి 2024 జూలైలో ప్రామాణిక వారంటీని 2 ఏళ్లు లేదా 40,000 కిలోమీటర్ల నుంచి 3 ఏళ్లు లేదా 1 లక్ష కిలోమీటర్లకు పెంచింది, అంతకుముందు తీసుకున్న బండికి పాత గడువే ఉండవచ్చు. అదనంగా డబ్బు కట్టి తీసుకున్న ఎక్స్‌టెండెడ్ వారంటీ సాధారణంగా ఇంజను, గేరుబాక్సు, ఎలక్ట్రికల్ భాగాలకే పరిమితం కనుక పెయింటు విషయంలో దాన్ని నమ్ముకోవద్దు.

సర్వీస్ సెంటరుకు చూపించేలోగా డెంటింగ్, పెయింటింగ్ షెడ్డులో టచప్ వేయించకండి, రబ్బింగ్, పాలిష్, సిరామిక్ కోటింగ్ వంటివి చేయించకండి. బయటివారి చెయ్యి పడిందని తేలితే లోపం ఫ్యాక్టరీదని నిరూపించడం దాదాపు అసాధ్యమవుతుంది. లేచిన పొరను గోటితో గీకకూడదు, దానిమీద టేపు అంటించకూడదు, ఎందుకంటే టేపు తీసేటప్పుడు బాగున్న పెయింటు కూడా వెంట వస్తుంది. వాటర్ వాష్‌లో ప్రెషర్ గన్‌ను ఆ అంచు దగ్గరికి రానివ్వవద్దు. వట్టి రేకు బయటపడితే వానాకాలంలో తుప్పు త్వరగా పట్టుకుంటుంది కాబట్టి, ఆ చోట తాత్కాలికంగా ప్రైమర్ వేయమని సర్వీస్ సెంటరునే అడిగి, అది వారే వేసినట్లు జాబ్ కార్డులో, అంటే బండిని అప్పగించేటప్పుడు సర్వీస్ సెంటరు పని వివరాలు రాసే పత్రంలో, రాయించుకోవాలి.

జాబ్ కార్డులోని మాటలు నిజంగా జాగ్రత్తగా చూడవలసినవి. సర్వీస్ అడ్వైజర్ తొందరలో “పెయింట్ చెక్” అని రాసి వదిలేస్తే దానికి విలువ లేదు. “రూఫ్ ముందు అంచున కంపెనీ పెయింటు పొర ఊడుతోంది, దెబ్బ గుర్తులు లేవు, వారంటీ కింద పరిశీలన కోరారు” అన్నంత వివరంగా రాయించి, ప్రతి తీసుకుని, అదే రోజు ఫొటోలు జతచేసి కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిలు పంపండి. ఫొటోలలో ఒకటి దగ్గరగా, పక్కన స్కేలు పెట్టి, మరొకటి నంబరు ప్లేటు కూడా కనిపించేంత దూరం నుంచి ఉండాలి. పెయింటు మందం కొలిచే గేజ్‌తో మీ ఎదుటే కొలవమని అడగండి. రీడింగు 200 మైక్రాన్లు దాటితే ఆ ప్యానెల్‌కు మళ్లీ రంగు వేసి ఉంటారన్న అనుమానానికి తావుంటుంది. మీరు వేయించకపోతే, డెలివరీకి ముందే బండికి దెబ్బ తగిలిందా అని ప్రశ్నించే హక్కు మీకుంది. బంపర్ ప్లాస్టిక్ కనుక ఈ గేజ్ అక్కడ పనిచేయదు.

ఇన్సూరెన్సులో పెట్టేద్దామని ఎవరైనా సలహా ఇస్తే అంగీకరించకండి. తయారీ లోపాన్ని ప్రమాదంగా చూపడం తప్పుడు ప్రకటన అవుతుంది. పైగా క్లెయిమ్ లేని ఏళ్లకు 20 నుంచి 50 శాతం దాకా వచ్చే నో క్లెయిమ్ బోనస్ పోతుంది, కంపెనీ భరించవలసిన ఖర్చు మీ మీద పడుతుంది.

వారంటీ వర్తించదని చెబితే కారణాన్ని రాతలో కోరండి. ఆపై కంపెనీ ప్రాంతీయ కార్యాలయానికి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. అప్పటికీ పరిష్కారం కాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, కారుకు చెల్లించిన ధర 50 లక్షలు మించనంతవరకు, మీరు నివసించే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి 2 ఏళ్ల లోపు ఫిర్యాదు దాఖలు చేయాలి. మొదటి జాబ్ కార్డు తేదీ ఇక్కడ మళ్లీ అక్కరకు వస్తుంది.

క్లెయిమ్ ఆమోదం పొందితే, కారు అప్పగించే ముందే పని పరిధిని రాయించుకోవాలి: ఊడిన ముక్క వరకేనా, ప్యానెల్ మొత్తమా, పక్క ప్యానెల్‌లోకి రంగు కలుపుతారా. మెటాలిక్, పెర్ల్ రంగులకు ఇలా కలపకపోతే తేడా ఎండలో స్పష్టంగా తెలుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆరుబయట వేసిన రంగు మసకబారుతుంది కనుక మూసి ఉన్న పెయింటు గది (బూత్‌)లోనే వేస్తున్నారా అని అడగండి. రూఫ్ అంచున రబ్బరు బీడింగు తీయకుండా టేపు చుట్టి రంగు వేస్తే కొత్త పొర సరిగ్గా ఆ గీత దగ్గరే మళ్లీ లేస్తుంది. కారు తీసుకునేటప్పుడు ట్యూబులైట్ల కింద కాకుండా పగటి వెలుగులో చూసి, బీడింగుల మీద రంగు తుంపరలు పడ్డాయా అని గమనించి, చేసిన పనికి ఎంతకాలం హామీ ఇస్తున్నారో బిల్లు మీద రాయించుకోండి. ఆ తర్వాత సుమారు నెల రోజుల పాటు వ్యాక్స్ గానీ కోటింగ్ గానీ వేయించకుండా, గాలి ఆడని కవరు కప్పకుండా, కొత్త పెయింటును పూర్తిగా గట్టిపడనివ్వాలి.