710 మాంట్‌గోమరీ వీధికి ఎలా వెళ్లాలి, అక్కడ ఏమి చూడాలి

శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చిన చుట్టాలను అందరూ ముందు గోల్డెన్ గేట్ వంతెనకు తీసుకెళ్తారు. నేను 710 మాంట్‌గోమరీ వీధికి తీసుకెళ్తాను. 1950లలో ఈ ఊరి గే పురుషులు ఎలా బతికారో తెలియాలంటే నడక అక్కడే మొదలుపెట్టాలి. ‘స్వలింగ సంపర్కులు’ అనే మాట నేను వాడను. అది మనిషిని పడకగదికి కుదించేస్తుంది. నేను చూపించేది వాళ్ల స్నేహాలను, ఆటపాటలను.

ఆదివారం మధ్యాహ్నమే వెళ్లండి. బార్ట్ రైలు మాంట్‌గోమరీ స్టేషన్‌లో దిగి ఉత్తరంగా నడవండి. పిరమిడ్ ఆకారపు భవనం, ఆ వెంటనే వాషింగ్టన్ వీధి దాటితే అదే వరుసలో 710 వస్తుంది. గే వ్యక్తులు చేరే బ్లాక్ క్యాట్ కేఫ్ అనే బార్ ఉండేది ఇక్కడే. ఆదివారాలు హొసే సరియా ఎత్తు మడమల ఎర్ర చెప్పులు వేసుకుని ఒపేరా పాడేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన సైనికుడాయన. ఒపేరా కథానాయికను ఊళ్లోని యూనియన్ స్క్వేర్ పార్కు పొదల్లో పోలీసులకు చిక్కకుండా పరిగెత్తిస్తుంటే జనం విరగబడి నవ్వేవారు. ఆ భయం వాళ్లందరికీ తెలిసినదే. చివర్లో అందరూ చేతులు పట్టుకుని పాడేవారు.

గుమ్మం దగ్గర కాసేపు ఆగండి. యజమాని సోల్ స్టౌమెన్ గే కాదు. అయినా 1949లో అధికారులు మద్యం లైసెన్సు ఆపేస్తే ఆయన వెనక్కి తగ్గలేదు. గే వ్యక్తులు ఒకచోట చేరినంత మాత్రాన లైసెన్సు తీసేయకూడదని 1951లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చింది. నలుగురు కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది! అక్కడితోనూ వేధింపులు ఆగలేదు. మోసగించే ఉద్దేశంతో ఆడవేషం వేయడం నేరమని నగరంలో ఒక చట్టం ఉండేది. అందుకని వేషాలు వేసుకునే హాలోవీన్ పండుగ రాత్రి ‘నేను మగవాడిని’ అని రాసిన చీటీలను సరియా అందరికీ పంచేవాడు. బట్టలకు తగిలించుకుంటే ఇక మోసం ఎక్కడిది?

ఇప్పుడు వెనక్కి వచ్చి వాషింగ్టన్ వీధిలో పడమరగా కెర్నీ వీధి వరకు ఎక్కండి. అక్కడున్న పెద్ద హోటల్ స్థలంలో అప్పట్లో పోలీసు భవనం, జైలు ఉండేవి. పాట ముగిశాక కేఫ్ జనం ఇక్కడికి నడిచి వచ్చి, లోపలున్న మిత్రులకు వినపడేలా మళ్లీ పాడేవారు. దీనికి తొందరపడకండి, పది నిమిషాలైనా నిలబడండి.

1961 సెప్టెంబరులో టే-బుష్ ఇన్ అనే మరో చోట పోలీసులు దాడి చేసి 103 మందిని పట్టుకున్నారు. తర్వాత దాదాపు అన్ని కేసులూ కొట్టేశారు. కానీ పేర్లు, అడ్రసులు, ఉద్యోగాలు అప్పటికే పేపర్లో అచ్చయిపోయాయి. ఆ నవంబరులోనే సరియా నగర పాలక మండలికి పోటీచేసి 5 వేలకు పైగా ఓట్లు తెచ్చుకున్నాడు. తాను గే అని దాచకుండా అమెరికా ఎన్నికల్లో నిలబడ్డ మొదటి మనిషి ఆయనే.

మా అక్కకు ఇదంతా ఆ హోటల్ ఎదుటే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అప్పుడు నువ్వుంటే నీ పేరు కూడా వేసేవారా?” అని అడిగింది.

“వేసేవారక్కా. మన ఇంటి అడ్రసుతో సహా.”