కొత్త టర్బో వేశాక బూస్ట్ తక్కువా? విప్పే ముందు ఈ జాగ్రత్తలు

రావులపాలెం నుంచి లోడుతో వచ్చిన డీజిల్ బండి ఆపగానే బానెట్ ఎత్తి చేయి పెట్టకండి. టర్బో (ఇంజిన్‌లోకి అదనపు గాలిని నెట్టే పరికరం; ఆ అదనపు పీడనమే బూస్ట్) ఎగ్జాస్ట్ వైపు, అంటే పొగ వెళ్లే వైపు, వందల డిగ్రీల వేడి ఉంటుంది. రెండు మూడు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి, ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి.

ముందు రీడింగ్ సరిచూసుకోండి. స్కానర్ చూపే మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి పీడనం కొలిచేది) అంకెలో మామూలు గాలి పీడనం కూడా కలిసే ఉంటుంది. మన గోదావరి డెల్టా దాదాపు సముద్ర మట్టంలోనే ఉంది కాబట్టి ఇంజిన్ ఆపి కీ ఆన్ చేస్తే సుమారు 1 బార్ చూపాలి. అంటే స్కానర్‌లో 1.8, అదనపు పీడనం మాత్రమే చూపే బూస్ట్ మీటర్లో 0.8 రెండూ ఒకటే. ఈ లెక్క తప్పితే బాగున్న టర్బోని అనవసరంగా విప్పేస్తారు!

కోతల రోజుల్లో పొలాల వెంట తిరిగిన బండైతే ఎయిర్ ఫిల్టర్‌లో దుమ్ము, పొట్టు చూడండి.

లీకు పరీక్ష (టర్బో గొట్టానికి మూత పెట్టి కంప్రెసర్ గాలి ఎక్కించి చూడటం) ఇంజిన్ ఆపే చేయాలి. కళ్లద్దాలు తప్పనిసరి. రెగ్యులేటర్ లేకుండా కంప్రెసర్ గాలి వదిలితే గొట్టానికి పెట్టిన మూత ఎగిరి మొహానికి తగులుతుంది. ప్రెషర్ కొద్దికొద్దిగా పెంచండి, బండి మామూలు బూస్ట్ దాటనివ్వకండి. సబ్బు నీళ్లు రాస్తే, లీకుంటే ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది) గొట్టం క్లాంపు అంచున సన్నటి బుడగలు వరసగా లేస్తాయి. గొట్టం లోపల ఆయిల్ తడి ఉంటే క్లాంపు ఎంత బిగించినా జారుతుంది, తుడిచి పెట్టండి.

ఇంజిన్ నడుస్తుండగా చూడాల్సి వస్తే భుజం మీద తువ్వాలు తీసేయండి. టర్బో గాలి పీల్చే నోరు తెరిచి ఉంచి స్టార్ట్ చేయొద్దు.

లీకు దొరక్కముందే వేస్ట్‌గేట్ (బూస్ట్ మితిమీరకుండా చూసే తలుపు) రాడ్ బిగించి బూస్ట్ పెంచొద్దు. టర్బో మితిమీరిన వేగంతో తిరిగి బేరింగులు పోతాయి.